పందుల కోసం పెద్ద బోరు రివాల్వర్ ఇప్పిస్తామంటే డబ్బు కట్టొద్దు

మాది బద్వేలు దగ్గర పల్లె. చేను లంకమల అడవి అంచునే ఉంటుంది. పోయిన నెల పెద్ద బోరు (అంటే లావు తూటా పట్టే) రివాల్వర్ ఇప్పిస్తామన్న వాళ్లకు 85,000 రూపాయలు కట్టి పోగొట్టుకున్నాను. నాకు వచ్చిన మెసేజే మా మండలంలో ఇంకో ఇద్దరు రైతులకూ వచ్చిందని నిన్ననే తెలిసింది. వాళ్లలో ఒకాయన బుకింగ్ డబ్బు కట్టబోతూ ఆఖరు నిమిషంలో ఆగాడు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా. కడప, కర్నూలు, అనంతపురం వైపు పందుల బాధ పడుతున్నవాళ్లు దయచేసి మొత్తం చదవండి.

పందుల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెనిక్కాయ ఊడ దిగి కాయ ఊరే వేళకు దిగుతాయి. మంద పడితే తెల్లారేసరికి అర ఎకరా నాగలితో దున్నినట్టు ఉంటుంది. ఈసారి మాకు రెండుసార్లు అట్లా అయింది. నాయన పోయాక ఆయన 12 బోరు తుపాకి లైసెన్సుతో సహా నా పేరు మీదికి వచ్చింది. రాత్రిపూట బైకు మీద, చేతిలో టార్చితో, అంత పొడుగు తుపాకి మోయడం కష్టంగా ఉందని, నడుముకు పెట్టుకునే చిన్నది ఏదన్నా ఉంటే బాగుండు అనుకున్నా. ఫోన్‌లో అమెరికా వీడియోలు చూశాను. అక్కడ పాయింట్ 44 మాగ్నమ్ అనే పెద్ద తూటా రివాల్వర్‌తో అడవిపందిని, దుప్పిని కొడతారు. నాలుగు వీడియోలు చూసేసరికి ఫోన్ నిండా అవే వచ్చాయి. ఆ వెంటే ఒక పేజీ, ఆ పేజీ నుంచి వాట్సాప్‌లో ఒక మనిషి.

మాట చాలా మర్యాదగా ఉంది. "అన్నా, మీకు లైసెన్సు ఉంది కదా, దాని మీదనే ఎక్కించేస్తాం. ఒక రిటైరైన ఆఫీసర్ గారిది, పాయింట్ 44, ఫారిన్ పీసు. నాలుగు రోజుల్లో ఇంటికి వస్తుంది" అన్నాడు. బుకింగ్‌కు 10,000, తర్వాత 40,000, ఆ తర్వాత "ట్రాన్స్‌పోర్టు పర్మిట్" అని 35,000. మూడో విడతకు మా ఆవిడ గొలుసు కుదువ పెట్టాను. ఈ మాట రాయడానికి చేతులు రావడం లేదు, కానీ మీకు తెలియాలి. తుపాకి నంబరు, అమ్మే ఆయన లైసెన్సు కాపీ పంపమంటే ఒక ఫొటో పంపాడు. ఆ ఫొటో అమెరికాలో ఒక దుకాణం సైటులోదని మా అక్క కొడుకు రెండు నిమిషాల్లో పట్టుకున్నాడు. ఆ మాట అడిగిన రోజు నుంచి ఆ ఫోన్ మోగలేదు.

డబ్బు పోయింది సరే. దానికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది తర్వాత తెలుసుకున్న సంగతులు. వాడు మోసగాడు కాకుండా నిజంగానే ఒక రివాల్వర్ తెచ్చి నా చేతిలో పెట్టి ఉంటే నేను ఈపాటికి జైల్లో ఉండేవాణ్ణి.

కర్నూలులో లైసెన్సున్న ఒక పాత డీలర్ దగ్గరికి పోయి కూర్చున్నాను. పెద్దాయన ఓపికగా చెప్పాడు. ఒక లైసెన్సుదారుడు ఇంకొక లైసెన్సుదారుడికి ఆయుధం అమ్మాలంటే ముందు జిల్లా మేజిస్ట్రేటుకో, పోలీస్ స్టేషనుకో కొనేవాళ్ల పేరు, అడ్రసుతో రాసివ్వాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. ఇది 1959 ఆయుధాల చట్టంలో ఐదో సెక్షన్. నాలుగు రోజుల్లో ఇంటికి అన్న మాట దగ్గరే నేను ఆగిపోయి ఉండాల్సింది. కొనే ఆయుధం ఏ రకమో మన లైసెన్సులో ఉండాలి. 12 బోరు తుపాకి రాసి ఉన్న పుస్తకం మీద రివాల్వర్‌ను ఎవరూ "ఎక్కించలేరు", దానికి వేరే అనుమతి తీసుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు కూడా. లైసెన్సు లేని తుపాకి దొరికితే ఇప్పుడు తక్కువలో తక్కువ రెండేళ్లు, ఎక్కువలో ఐదేళ్లు శిక్ష. అదే 9 ఎంఎం, పాయింట్ 45 లాంటి సర్వీసు తూటా (సైన్యం, పోలీసులు వాడే రకం) పట్టే పిస్టలైతే నిషేధిత ఆయుధం కిందికి పోతుంది. దానికి ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. పెద్ద బోరు, పెద్ద బోరు అని మనం మురిసిపోయే వాటిలో చాలా మటుకు ఈ గీత దగ్గరే ఉంటాయి.

పంట కాపలాకు లైసెన్సు ఇస్తారు కదా అని అడిగాను. ఇస్తారట. కానీ అదే చట్టంలో పంట కాపలా గురించి చెప్పే సెక్షన్లో ఉన్నది మందు కూరి పేల్చే నాటు రకం తుపాకి, అది చాలదని అధికారి ఒప్పుకుంటే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్న గొట్టం తుపాకి (12 బోరు లాంటిది). పంట కాపలాకు రివాల్వర్ అన్న మాటే అందులో లేదు.

ఇంకో మాట అడిగాడు పెద్దాయన. "సరే నాయనా, నీకు పాయింట్ 44 దొరికిందనుకో. తూటాలు ఎక్కడ కొంటావు?" నా దగ్గర సమాధానం లేదు. మన దేశంలో జనానికి అమ్మే రివాల్వర్ అంటే ముఖ్యంగా కాన్పూర్‌లో తయారయ్యే పాయింట్ 32. 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన నిర్భీక్ కూడా పాయింట్ 32నే. డీలర్లు విదేశాల నుంచి పిస్టళ్లు తెప్పించుకోవడం 1980లలోనే ఆగిపోయింది. ఫారిన్ పీసు అని ఎవడైనా అంటే అది నలభై ఏళ్లు చేతులు మారిన పాతదన్నా అయి ఉండాలి, దొంగదన్నా అయి ఉండాలి.

అప్పుడు నేను పాయింట్ 32నే సరిగ్గా లైసెన్సు తీసుకుని కొంటే పందికి పనికొస్తుందా అన్నా. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఇది మాత్రం ప్రతి రైతూ చూడాలి. పాయింట్ 32 తూటా గొట్టం దాటేటప్పుడు దానికుండే శక్తి సుమారు 150 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే లెక్క). అమెరికాలో పందుల మీద వాడే పాయింట్ 44 మాగ్నమ్‌ది 1,400 జౌళ్ల దరిదాపు. నాయన ఇచ్చిపోయిన 12 బోరులో ఒకే పెద్ద గుండున్న తూటా వేస్తే 3,000 జౌళ్లు దాటుతుంది. అంటే నేను గొలుసు కుదువ పెట్టి తెచ్చుకోవాలనుకున్నది ఇంట్లో గోడకు ఉన్నదాంట్లో సగం కూడా లేదు. అడవిలో ముదిరిన మగపందికి భుజాల మీద తోలు, దాని కింద కండ కవచం కట్టినట్టు గట్టిగా ఉంటాయి. పాయింట్ 32 దాన్ని చంపదు, గాయపరుస్తుంది. గాయపడిన పంది ఎట్లా మీద పడుతుందో మా ఊరోళ్లకు బాగా తెలుసు. కోరతో తొడ చీలిన మనిషిని నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను.

ఆ వీడియోల్లో చూపించని సంగతి ఇంకొకటి. పాయింట్ 44 వచ్చింది 1955 ప్రాంతంలో. దాంతో వేటాడేవాళ్లు ఏళ్ల తరబడి గురి నేర్చుకుంటారు, రెండు చేతులతో పట్టుకుంటారు, పగటి వెలుగులో దగ్గరి దూరంలోనే కొడతారు. పొట్టి గొట్టం, గట్టి ఎదురు తన్ను. టార్చి నోట కరుచుకుని, చీకట్లో, చెనిక్కాయ సాళ్ల మధ్య పరుగెత్తే పందిని కొట్టడం వేరు. పక్క చేనులో కాపలా ఉన్న మనిషికి తగిలితే ఏమి చెయ్యాలి? పైగా వాళ్లకు అక్కడ వేటకు అనుమతి ఉంది. మనకు లేదు.

మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది. అడవిపంది ఇప్పుడు రెండో షెడ్యూలులో, అంటే ఆ చట్టం కాపాడే జంతువుల జాబితాలో, ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఆ చట్టంలోనే 11వ సెక్షన్ కింద, నిలిచిన పంటకు నష్టం చేస్తున్న పందిని చంపడానికి అటవీ శాఖ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. అది చేతిలో లేకుండా నా 12 బోరుతో కొట్టినా నేరమే. నేను ఇన్నాళ్లూ మన చేను, మన తుపాకి అనుకున్నాను. అది తప్పు.

లంకమల, నల్లమల చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కొత్త తుపాకి లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. ఉన్న లైసెన్సును కూడా ఆ శాఖ దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి. లంకమల అభయారణ్యం కలివికోడి కోసం పెట్టింది. ఎన్నో ఏళ్లు కనబడకుండా పోయిన ఆ పిట్ట 1986లో మళ్లీ మన సిద్ధవటం, బద్వేలు వైపే దొరికింది. నాకు ఆ పిట్టంటే చిన్నప్పటి నుంచి గర్వం. దాని అడవిలో రాత్రిపూట రివాల్వర్‌తో దొరికితే ఎవరు నమ్ముతారు మనం పందుల కోసం వచ్చామని? ఎర్రచందనం కేసు అంటారు. ఇంటిల్లిపాదీ ఏళ్లకేళ్లు కోర్టు చుట్టూ తిరగాలి.

ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందంటే, డబ్బు పోయిన తొమ్మిదో రోజు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. అదే రోజు చేసి ఉంటే అకౌంటులో డబ్బు ఆపే వీలుండేదని వాళ్లు చెప్పారు. సిగ్గుపడి ఆలస్యం చేశాను. మీరు ఇప్పటికే కట్టి ఉంటే దయచేసి ఈ గంటలోనే ఫోన్ చెయ్యండి. మెసేజులు, ఫోన్‌పే రసీదులు ఒక్కటి కూడా తుడిచెయ్యొద్దు. తుపాకి కొనబోయినందుకు మన మీదే కేసు పెడతారేమో అన్న భయం నాకూ ఉండింది. దాన్నే వాడు ఆసరా చేసుకున్నాడు. మూడో విడత అడిగేటప్పుడు "ఎవరికీ చెప్పొద్దన్నా, మీకే ఇబ్బంది" అన్నాడు.

పందుల సంగతికి మేము ఏడుగురం రైతులం కలిసి అటవీ రేంజి ఆఫీసుకు అర్జీ రాశాం. పంట నష్టం ఫొటోలు, పాసుపుస్తకం కాపీలు జత చేశాం. 11వ సెక్షన్ అనుమతి, నష్టపరిహారం రెండూ అడిగాం. సోలార్ కంచె ధర కూడా కనుక్కుంటున్నాం. అది ఆగి ఆగి చిన్న షాకు కొట్టేది, చంపదు. నేరుగా కరెంటు తీగలు మాత్రం ఎవరూ వెయ్యొద్దు, పోయిన ప్రాణాల్లో రైతులవీ ఉన్నాయి. అర్జీ నకలు కావాలంటే కింద అడగండి, మీ ఊరి పేరు మార్చుకుని వాడుకోవచ్చు. ఆ వాట్సాప్ మనిషి మాట్లాడే తీరు, పంపిన ఫొటోలు కూడా చూపిస్తాను. అదే ఫొటో మీకూ వచ్చి ఉంటే చెప్పండి, ఫిర్యాదులో కలుపుతాను.