మా చింటూగాడి పళ్లకు ఆగిన బొమ్మ

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక షాపులో మొదట 120 రూపాయలకు కీచుమనే బొమ్మ కొన్నాను. మా లాబ్రడార్ చింటూగాడు పావుగంటలో దాని పొట్ట చీల్చి లోపలి పీక బయటికి లాగాడు. మింగబోతుంటే దవడలు విప్పి వేలు పెట్టి తీశాను. ఆ టెన్షన్ పగవాడికి కూడా రాకూడదు.

ఈసారి 450 పెట్టి, లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మ తెచ్చాను. కొనేముందు బొటనవేలి గోరుతో నొక్కితే కాస్త దిగింది. గోరు అసలు దిగనంత గట్టిదైతే కుక్క పళ్లు విరగొచ్చు. అందుకే షాపతను కొమ్ము ముక్క చూపిస్తే వద్దన్నాను. సైజు కూడా వాడి నోట్లో పూర్తిగా పట్టనిదే తీసుకున్నా.

రెండు నెలలైంది. పంటి గాట్లు పడ్డాయి గానీ ముక్క ఊడలేదు. పోపు వేయని పెరుగన్నం కూరి, ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే అరగంట ఇల్లు ప్రశాంతం. కడగడమే చికాకు. అడుగున మెతుకులు ఇరుక్కుంటాయి, పాత టూత్‌బ్రష్‌తో తోమాలి.

"ఆ డబ్బుకి ఎన్ని బొమికలు వచ్చేవిరా!" అని అమ్మ గొణుగుడు. ఉడికిన బొమిక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుందని చెప్పినా, ఆదివారం కంచంలోది పక్కకు తీసిపెడుతూనే ఉంది.