డైర్ స్ట్రెయిట్స్ లైవ్ రికార్డులు కొంటున్నారా? ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాత ఎల్పీ రికార్డులు కొనేవాళ్లకు, ముఖ్యంగా బ్రిటిష్ రాక్ బ్యాండు డైర్ స్ట్రెయిట్స్ నాయకుడు మార్క్ నాప్‌ఫ్లర్ గిటారు మీద ఈమధ్యే ఇష్టం కలిగినవాళ్లకు ఈ హెచ్చరిక. ‘ఒరిజినల్ యూకే ప్రెస్, లైవ్, చాలా రేర్’ (అంటే బ్రిటన్‌లో అచ్చువేసిన అసలు కచేరీ రికార్డు) అని చెప్పి, ఎప్పుడో రేడియోలో, టీవీలో వచ్చిన కచేరీల టేపుల నుంచి తీసిన రికార్డులు అంటగడుతున్న ఒక అమ్మకందారు మన జిల్లాల వాళ్లకు వెతికి మరీ మెసేజ్‌లు పెడుతున్నాడు. చక్కటి తెలుగులో, మర్యాదగా మాట్లాడతాడు. నాకు అలాంటివి రెండు అమ్మాడు. డబ్బు తిరిగివ్వమంటే బ్లాక్ చేశాడు. పోయినవారం పేజీ పేరు మార్చి అవే ఫోటోలు మళ్లీ పెట్టాడు, రేటు ఇంకా పెంచాడు. అందుకే ఇక ఆగకుండా రాస్తున్నాను.

ఇవి నేను కొన్నది ఒంగోలులో ఉండే మా మామయ్య కోసం. ఆయన ఎనభైల్లో మద్రాసులో చదువుకున్నారు. అప్పట్లో హాస్టల్లో ఒకళ్ల దగ్గర అసలు క్యాసెట్ ఉంటే పదిమంది ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించుకునేవాళ్లట. అలా ఎక్కించుకున్న డైర్ స్ట్రెయిట్స్ లైవ్ ఆల్బమ్ ‘ఆల్కెమీ’ క్యాసెట్ టేపు జిగురు పట్టి తెగేదాకా విన్నారు మామయ్య. నాకు ఈ పాటలు అలవాటైంది ఆయన వల్లే. రిటైరైనప్పుడు రికార్డ్ ప్లేయర్ కొనుక్కున్నారు కదా, లైవ్ రికార్డులు ఇస్తే సంతోషిస్తారని వెతుకుతుంటే ఈ పేజీ కనపడింది.

కొనేముందు అడగాల్సినవన్నీ అడిగాను. ఇది బ్యాండు అధికారికంగా విడుదల చేసిందేనా అంటే ‘హండ్రెడ్ పర్సెంట్ మేడమ్, అఫీషియల్’ అన్నాడు. ముందు అట్ట, వెనక అట్ట, రికార్డు మధ్యలో లేబుల్, అన్నిటికీ ఫోటోలు పంపాడు. రెండు రికార్డులు: ఒకటి 1979 నాటి కచేరీ, ఇంకోటి 1985లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో జరిగిన కచేరీ. రెండోది ‘ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు మేడమ్’ అన్నాడు. రెండూ కలిపి 9,000 రూపాయలు, యూపీఐలో ముందే కట్టాలి.

పార్శిల్ వచ్చాక వెనక అట్ట మీద కింది మూల ఒక పసుపు రంగు ధర స్టిక్కర్ ఉంది. ఫోటోలోనూ ఉంది అది. పాత షాపు స్టిక్కర్ అనుకునేలా కావాలనే కాస్త నలిపి అంటించారు. ఒక అంచు లేచి ఉంటే గోటితో మెల్లగా తీశాను. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ఇది రేడియో బ్రాడ్‌కాస్ట్ నుంచి తీసుకున్న రికార్డింగు అని. రెండో రికార్డు అట్ట మీద కూడా సరిగ్గా అదే వాక్యం మీద అలాంటి స్టిక్కరే. ఒకదానికే ఉంటే యాదృచ్ఛికం అనుకోవచ్చు. రెండింటికీ ఒకే చోట ఉంటే అది దాచిపెట్టడమే.

మామయ్యకైతే స్టిక్కర్ తీసి చూడాల్సిన పని కూడా లేకపోయింది. 1979 రికార్డు మీద ముల్లు పెట్టగానే ఎవరో జర్మన్ భాషలో గబగబా ఏదో ప్రకటించారు. తర్వాత పాట మొదలైంది. పట్టుమని రెండు నిమిషాలు కూడా వినలేదు, ‘ఏందమ్మా ఇది, ప్రసారంలో పట్టింది గదా, దీనికా అంత పోశావు’ అన్నారు. అట్ట మీది ఫోటో చూపించి ఇంకో మాట చెప్పారు. బొమ్మలో నాప్‌ఫ్లర్ నుదుటికి పట్టీ కట్టుకుని ఉన్నాడు. ఆ పట్టీ అందరికీ గుర్తుండిపోయింది 1985 నాటి ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ ఆల్బమ్ టూర్ ఫోటోల వల్ల. 1979 కచేరీకి 1985 బొమ్మ ఎందుకు వేస్తారు? 1979లో బ్యాండులో రెండో గిటారు ఆయన తమ్ముడు డేవిడ్‌ది. 1985 నాటికి అతను వెళ్లిపోయి ఏళ్లయింది. ఇంత మాత్రం సరిచూసుకోనివాళ్లు తయారుచేసిన సరుకును ‘ఒరిజినల్’ అని అమ్మడం!

అసలు 1984 మార్చికి ముందు డైర్ స్ట్రెయిట్స్‌కు అమ్మకానికి వచ్చిన అధికారిక లైవ్ ఆల్బమే లేదు. మొదటిది ఆ సంవత్సరం వచ్చిన ‘ఆల్కెమీ’. లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఓడియన్‌లో 1983 జులైలో రికార్డు చేశారు. కాబట్టి ‘లైవ్ 1979, ఫస్ట్ ప్రెస్’ (అప్పుడే వేసిన మొదటి అచ్చు) అని ఎవరన్నా అంటే అక్కడే ఆగిపోండి.

ఇవి ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా చెప్పాలి. డెబ్భైలు, ఎనభైల్లో యూరప్, అమెరికా రేడియో, టీవీ వాళ్లు రాక్ కచేరీలను ప్రసారం చేసేవాళ్లు. డైర్ స్ట్రెయిట్స్ 1979లో జర్మనీలోని కొలోన్‌లో ‘రాక్‌పలాస్ట్’ అనే టీవీ కార్యక్రమానికి వాయించింది. అలాంటి ప్రసారాల టేపులు చేతులు మారి మారి, చివరికి చిన్న చిన్న కంపెనీలు వాటిని ఎల్పీలుగా, సీడీలుగా అచ్చువేస్తున్నాయి. బ్యాండు అనుమతితో వచ్చేవి కావవి. వాటిని తెలిసి, తక్కువ ధరకు, ఆ కచేరీ వినాలన్న ఆశతో కొనుక్కునేవాళ్లు ఉన్నారు, అది వాళ్లిష్టం. నిజాయితీగా ‘ఇది రేడియో రికార్డింగు’ అని చెప్పి అమ్మే షాపులూ ఉన్నాయి. నా కోపం ఆ రికార్డుల మీద కాదు. నెల్లూరు మొలగొలుకులు అని చెప్పి రేషన్ బియ్యం కొలిచి, మొలగొలుకుల రేటు తీసుకోవడం మీద.

పైగా నాప్‌ఫ్లర్ సంగీతంలో అసలు రికార్డుకూ ఇలాంటిదానికీ ఉన్న తేడా మరీ బాధ పెడుతుంది. ఆయన ఎలక్ట్రిక్ గిటారు కూడా పిక్ (తీగలు మీటే ప్లాస్టిక్ ముక్క) పట్టుకోకుండా బొటనవేలు, మరో రెండు వేళ్లతో మీటుతాడు. తీగను వేలితో లాగి వదిలినప్పుడు వచ్చే ఆ చిటుకు, ఒక స్వరం గట్టిగా, పక్క స్వరం గొణిగినట్టుగా రావడం, అదే ఆయన గొంతుక. ‘ఆల్కెమీ’లో ‘సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్’ దాదాపు పదకొండు నిమిషాలు ఉంటుంది. స్టూడియో పాట ఆరు నిమిషాల లోపే. ఆ పెరిగిన భాగంలో ఆయన గిటారు ఒకచోట తగ్గి, తగ్గి, జనం కూడా ఊపిరి బిగబట్టినట్టు అయ్యాక మళ్లీ లేస్తుంది. మంచి ప్రెస్సింగులో ఆ తగ్గడం వినిపిస్తుంది. నాకు వచ్చిన రికార్డులో హోరు, డ్రమ్ము, జనం అరుపులు అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. గిటారు ఎక్కడో గోడ అవతల ఉంది. ఒక పాటను రికార్డు ఒక వైపు అయిపోవడంతో మధ్యలోనే సన్నగా తగ్గించి ఆపేశారు. కొత్తగా వినేవాళ్లు ఇది విని ‘ఈయన గురించి అంత చెప్తారేంది, ఏముంది ఇందులో’ అనుకుని పక్కన పెట్టేస్తే? నాకు 9,000 కంటే అదే ఎక్కువ బాధ.

శాన్ ఆంటోనియో సంగతి. ‘ఇంకెక్కడా దొరకదు’ అన్నాడు కదా. ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’కు నలభై ఏళ్లయిన సందర్భంగా 2025లో వచ్చిన ప్రత్యేక ఎడిషన్‌లో ఆ కచేరీని బ్యాండే అధికారికంగా విడుదల చేసింది. అలాగే 1979లో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో చేసిన కచేరీ 2023లో వచ్చిన ‘లైవ్ 1978–1992’ బాక్స్ సెట్‌లో ఉంది. అందులోనే ‘ఆల్కెమీ’, 1993 నాటి ‘ఆన్ ద నైట్’, 1995 నాటి ‘లైవ్ ఎట్ ద బీబీసీ’ కూడా ఉన్నాయి. మొత్తం కొనాల్సిన పనిలేదు, ఖరీదు ఎక్కువే. కొత్తవాళ్లకు ‘ఆల్కెమీ’ ఒక్కటి చాలు మొదలుపెట్టడానికి. ఆ తర్వాత 1982 నాటి ‘లవ్ ఓవర్ గోల్డ్’ వినండి. ఐదే పాటలు, మొదటిదే పద్నాలుగు నిమిషాలు దాటుతుంది. అది పట్టుకున్నాక ఆయన్ని మీరు వదలరు.

రికార్డు చేతిలోకి తీసుకునే అవకాశం ఉంటే ఇవి చూడండి. యూకే ప్రెస్సింగుకు లేబుల్ మీద ‘వెర్టిగో’ పేరు ఉండాలి, అమెరికా ప్రెస్సింగుకు పాతవాటి మీద ‘వార్నర్ బ్రదర్స్’ ఉంటుంది. ఎప్పుడూ వినని కంపెనీ పేరు ఉంటే అనుమానించండి. పాటలు అయిపోయాక లేబుల్‌కు ముందు మిగిలే నున్నటి నల్ల పట్టీని దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే చెక్కిన అంకెలు, అక్షరాలు కనపడతాయి. వాటిని అమ్మేవాణ్ని ఫోటో తీసి పంపమనండి. ఆ నంబర్‌ను నెట్‌లో వెతికితే ఏ దేశంలో, ఏ ఏడాది ప్రెస్సో తెలిసిపోతుంది. పంపడానికి నసిగితే బేరం మానేయండి. వెనక అట్ట మీద స్టిక్కర్ ఉంటే తీయించి మళ్లీ ఫోటో అడగండి.

ఒకటి మాత్రం పొరబడకండి. ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ పాత ఎల్పీలో కొన్ని పాటలు సీడీలో కంటే పొట్టిగా ఉంటాయి. సీడీ దాదాపు 55 నిమిషాలు, ఒకే రికార్డుగా వచ్చిన ఎల్పీ 47 నిమిషాల దగ్గర. అంతసేపు ఒక ఎల్పీలో పట్టదు కాబట్టి అప్పుడు పాటలు కుదించారు. తర్వాత రెండు రికార్డులుగా వచ్చినవాటిలో పూర్తి నిడివి ఉంది. పాట ముందే అయిపోయిందని అసలు రికార్డును నకిలీ అనుకుని ఎవరూ పారేసుకోకూడదు.

ఇక కచేరీ టికెట్లు. కావలిలో మాకు తెలిసిన ఒకరు చెన్నైలో ‘డైర్ స్ట్రెయిట్స్’ షో అని వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ చూసి, మూడో మనిషి దగ్గర రెండు టికెట్లు ఎక్కువ ధరకు తీసుకున్నారు. అది ఆ పాటలు వాయించే వేరే బృందం. వాళ్లు బాగానే వాయించారట, వాళ్లను అనేదేం లేదు. కానీ టికెట్ అమ్మినవాడు ‘నాప్‌ఫ్లర్ వస్తున్నాడు’ అని చెప్పి అమ్మాడు. గుర్తుపెట్టుకోండి: డైర్ స్ట్రెయిట్స్ ఆఖరి టూర్ 1992లోనే ముగిసింది, 1995 నాటికి బ్యాండే లేదు. నాప్‌ఫ్లర్ సొంతంగా 2005 మార్చిలో ముంబై, బెంగళూరుల్లో కచేరీలు చేశాడు. ఆయన ఆఖరి టూర్ 2019 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ముగిసింది. 2024లో ‘వన్ డీప్ రివర్’ ఆల్బమ్ వచ్చినా దానికి టూర్ చేయలేదు. అదే ఏడాది జనవరిలో తన గిటార్లు, యాంప్లిఫయర్లు కలిపి 120కి పైగా లండన్‌లో వేలం వేశాడు, వచ్చిన దాంట్లో నాలుగో వంతు సేవా సంస్థలకు ఇచ్చాడు. 1949లో పుట్టిన మనిషి. మన దగ్గరికి వస్తున్నాడని ఎవరన్నా అంటే ఆయన సొంత వెబ్‌సైట్‌లో ఆ తేదీ కనపడేదాకా పైసా కట్టకండి.

డబ్బు విషయం. మా బ్యాంకులో అడిగితే, మీరే పిన్ కొట్టి పంపారు కాబట్టి మేం వెనక్కి తీసుకోలేం అన్నారు. అందుకని తెలియని మనిషికి ముందే మొత్తం కట్టకండి. నెల్లూరు నుంచి చెన్నై రైలెక్కితే మూడు గంటలు, షాపులో నిలబడి రికార్డు వెలుతుర్లో చూసి, వేయించుకుని విని కొనుక్కోవచ్చు. ఛార్జీలు కలిపినా నాకు పోయినదాంట్లో పదో వంతు కాదు.

ఇప్పటికే కొని మోసపోయినవాళ్లు అట్ట, స్టిక్కర్, కొరియర్ కవర్, చాటింగ్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు ఏదీ పారేయకండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అంటే నెల్లూరు వాళ్లు నెల్లూరులో, ఒంగోలు వాళ్లు ఒంగోలులో. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. డబ్బు కట్టించుకుని అసలు సరుకే పంపకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పసుపు స్టిక్కర్ అంటించిన రికార్డు మీకూ వచ్చి ఉంటే నాకు చెప్పండి, మీ వివరాలు కూడా నా ఫిర్యాదుకు జతచేస్తాను.