చెరువు కాపలా హెడ్‌లైటు: నీటి సాలీళ్ళు చూడాలంటే ఏది కొనాలి

భీమవరం, అమలాపురం వైపు వలలు, మేత బస్తాలు అమ్మే షాపుల్లో రొయ్యల చెరువుల కాపలావాళ్ళ కోసం వేలాడదీసే చార్జింగ్ హెడ్‌లైటు అందరికీ తెలిసిందే. నుదుటికి ఎలాస్టిక్ పట్టీ, ముందు ఒక ఎల్ఈడీ, తల వెనక బ్యాటరీ పెట్టె. వరిచేలో, పంటబోదెల్లో తిరిగే నీటి సాలీళ్ళను రాత్రిపూట చూడటానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. దీనికి నాలుగింతలు ఖరీదు చేసే చేతి టార్చి ఈ పనికి దీని ముందు నిలవదు.

ఇందులో వెలుతురు బలం కన్నా దీపం ఉన్న చోటు ముఖ్యం. మన చేలల్లో నీటి మీద పరుగెత్తే సాలీడు ఎక్కువగా లైకోసా అని పాత పేరుతో పిలిచేదే. ఇప్పటి శాస్త్రీయ నామం పార్డోసా సూడోఆన్యులేటా. దీనికి ఎనిమిది కళ్ళు. వాటిలో పెద్దవైన నాలుగింటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, అది పడిన వెలుతురును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. దీపం మన కంటికి జానెడు లోపల ఉంటేనే ఆ మెరుపు మనకు అందుతుంది. అదే దీపాన్ని చేత్తో నడుము దగ్గర పట్టుకుంటే ఎదురుగా యాభై సాలీళ్ళున్నా ఒక్కటీ కనపడదు. కొనేముందు షాపులోనే చూసుకోండి: పట్టీ బిగించాక దీపం రెండు కనుబొమ్మల మధ్యకు దిగాలి. నెత్తి మీదికి జారిపోయే రకం వద్దు.

గట్టు మీద నిలబడి కాంతిని మెల్లగా తిప్పితే మొక్కల మొదళ్ళ దగ్గర నీలిపచ్చ చుక్కలు కదలకుండా వెలుగుతాయి. మంచుబిందువులు కూడా మెరుస్తాయి, కానీ తల కాస్త జరిపితే వాటి రంగు మారుతుంది, మిణుకుమంటాయి. సాలీడు కన్ను తన రంగు మార్చదు. కప్ప కన్ను ఇంకా పెద్దది, పసుపో ఎరుపో పడుతుంది. ఒక్కోసారి ఒకే చోట పది ఇరవై సూదిమొనలంత మెరుపులు గుంపుగా కనిపిస్తాయి, అవి తల్లి వీపు మీదున్న పిల్లల కళ్ళు. లైకోసా ఆడది గుడ్ల సంచిని పొట్ట చివర తగిలించుకుని తిరుగుతుంది, గుడ్లు పగిలాక పిల్లలు 60 నుంచి 80 వరకూ వీపెక్కుతాయి. సంచిని పొట్ట చివర కాకుండా నోటితో కరిచి పట్టుకుని కనిపిస్తే అది వేరే కుటుంబం, పిసారిడే. చేపలు పట్టే సాలీళ్ళు కొన్ని ఇందులోవే. మన దేశంలో ఉన్న నైలస్ ప్రజాతి కూడా ఈ కుటుంబానిదే.

వెతకడానికి తెల్ల వెలుతురు, చూడటానికి ఎర్ర వెలుతురు. ఈ తేడా పాటించకపోతే సాలీడు వేట మీకు ఎప్పటికీ కనపడదు. ఫుల్ వెలుతురు మొహం మీద కొడితే అది మొదటి క్షణం కదలదు, తర్వాత కాండం అవతలికి తిరిగిపోతుంది. ఎరుపు సాలీళ్ళ కంటికి పెద్దగా ఆనదు. దీపానికి ఎర్ర మోడ్ లేకపోతే ఎర్ర జిలాటిన్ పేపరు రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండుతో బిగించండి. ఎరుపులో కళ్ళ మెరుపు తగ్గుతుంది కాబట్టి ముందు తెల్లదానితో చోటు గుర్తుపెట్టుకుని, అప్పుడు మార్చాలి.

అలా కాసేపు ఆగితే వేట సాలీడు కూర్చునే తీరు తెలుస్తుంది. వెనక కాళ్ళు కాండానికి, ముందు కాళ్ళు నీటి మీద. కాలి వెంట్రుకలకు తడి అంటదు, అందుకే నీటి పొర చిరగకుండా కాలి కింద చిన్న గుంటగా వంగుతుంది. చేలో నీళ్ళు రెండంగుళాలే ఉంటే ఆ గుంటల నీడలు అడుగున బురద మీద నల్లని గుండ్రాలుగా, అంచు మెరుస్తూ పడతాయి. నీళ్ళలో పడ్డ పురుగు కొట్టుకుంటే లేచే అలలే దానికి కబురు. చేపల సాలీళ్ళు నీటి మీద నింపాదిగా వెళ్ళేటప్పుడు రెండో, మూడో జతల కాళ్ళతో తెడ్డు వేస్తాయి. అలికిడైతే కాండం పట్టుకుని నీళ్ళలోకే దిగిపోతాయి, ఒంటి వెంట్రుకల్లో చిక్కిన గాలి వెండిపూతలా మెరుస్తుంది. అమెరికాలోని డోలోమెడిస్ ట్రైటాన్ అలా అరగంట పైనే ఉండగలదు. నీటి అడుగున గాలిబుడగ కట్టుకుని కాపురముండే ఆర్జిరోనెటా మాత్రం ఐరోపా, ఉత్తర ఆసియాలదే. దానికోసం మన కాలువలు వెతకకండి.

ఇక ఈ లైట్ల లోపాలు. పెట్టె మీద బ్యాటరీ సామర్థ్యం 9900 ఎంఏహెచ్ అని అచ్చు వేస్తారు, అది నమ్మకండి. లోపలుండే 18650 రకం లిథియం సెల్లు మంచిదైనా మామూలుగా 3500కు అటూఇటూగానే ఆగిపోతుంది. స్విచ్చి వరస డిప్పు, ఫుల్లు, బ్లింకు అయితే, ఆర్పేలోపు బ్లింకు దాటాల్సిందే, ఆ తళుకుకి చుట్టుపక్కలవన్నీ బెదిరిపోతాయి. నొక్కి పట్టుకుంటే ఆరిపోయే స్విచ్చి తీసుకోండి. చార్జింగ్ రంధ్రానికి రబ్బరు బిరడా లేనిది సముద్రం దగ్గరి ఉప్పుగాలికి తొందరగా చిలుము పడుతుంది. సెల్లు పూర్తిగా దిగిపోయాక నెలల తరబడి పక్కన పడేస్తే మళ్ళీ ఎక్కదు. సగం చార్జితో దాచాలి. జూమ్ తల ఉన్నది మేలు, కాంతి గట్టు వెడల్పుకు సరిపోయేలా కుదించుకోవచ్చు.

దీపం పురుగుల బాధ నిజమే, వరి రసం పీల్చే సుడిదోమ ఉన్న చేలో అయితే మొహం నిండా వాలుతుంది. కానీ వాలినవి నీళ్ళలో రాలితే సాలీళ్ళు అక్కడికే వస్తాయి. కాబట్టి దీపం కింద లెక్కపెట్టి చేనంతా ఇలాగే ఉందనుకోవద్దు, నాలుగైదు చోట్ల వెలిగించిన మొదటి నిమిషంలోనే లెక్క చూడండి. ఒక్కో లైకోసా రోజుకు 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొట్టిన చేలో ముందు ఇవే పోతాయి, తర్వాత సుడిదోమ రెట్టింపై వస్తుంది. మందు కొట్టాలా వద్దా అనుకునే రైతుకు ఈ లైటు పెట్టిన డబ్బు అక్కడే తిరిగొస్తుంది.

చూడటానికి సార్వాలో (ఖరీఫ్ వరిలో) పిలకలు వేసే దశ బాగుంటుంది. దుబ్బులు కమ్ముకున్నాక మొదళ్ళు కనపడవు. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్ళు ఆపేశాక నీళ్ళు మిగిలిన మురుగు కాలువల అంచులు, గుర్రపుడెక్క పక్కలు చూడాలి. బట్టలుతికే రేవుకు ఎగువన చూడండి. సబ్బు కలిసిన నీళ్ళ తలతన్యత, అంటే పై పొర బిగువు, పడిపోయి కాలు మునుగుతుంది, ఆ చోట సాలీడు నీటి మీదికి రాదు. కట్లపాము, రక్తపింజర తిరిగే వేళ కాబట్టి గమ్‌బూట్లు లేకుండా గట్టు దిగవద్దు, నడిచేటప్పుడు మాత్రం తెల్ల వెలుతురే కాళ్ళ ముందు వేయండి.

ఎర్ర మోడ్, జూమ్, బిరడా ఈ మూడూ ఉన్నది దొరికితే వంద రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. జూమ్ లేకపోయినా సర్దుకోవచ్చు. బిరడా లేనిది కోనసీమలో అసలు కొనకండి.