భోగి మంట మానేసి బండిని పిలిచాక: ఆరేళ్ళ అనుభవం

మాది ఆడిట్ ఆఫీసు. చెన్నై టి. నగర్‌లో, జి.ఎన్. చెట్టి రోడ్డు పక్క సందులో మొదటి అంతస్తు. అటక మీద, మెట్ల కింద, ఆఖరికి దేవుడి పటం కింద కూడా ఫైళ్ళే. వాటిని వదిలించే పని మొదట్నుంచీ నా నెత్తినే ఉంది. ఇప్పుడు వాకిట్లోకే వచ్చి కాగితాలు ముక్కలు చేసే బండిని పిలుస్తున్నాం. అక్కడిదాకా ఎలా వచ్చామో చెప్తాను.

పెద్దాయన ఉన్న రోజుల్లో భోగి నాడు వెనక పెరట్లో వేసి తగలబెట్టేవాళ్ళం. కట్టగా ఉన్న కాగితం ఓ పట్టాన కాలదు. అంచులు నల్లబడతాయి, లోపల పాస్‌బుక్ జిరాక్సు మాత్రం మల్లెపువ్వులా ఉంటుంది. కర్రతో కట్టలు విప్పుకుంటూ మధ్యాహ్నం దాకా పొగలో కూర్చోవాలి. 2018 భోగికి పొగ, మంచు కలిసి చెన్నై విమానాశ్రయంలో రాకపోకలే దెబ్బతిన్నాయి. పక్కింటి మామి ఆ ఏడాది మా మీద ఎక్కిన కోపం ఇంకా పూర్తిగా దిగలేదు.

తర్వాతి ఏడు పాత పేపర్ల కొట్టుకు తూకానికి వేశాం. రెండు నెలలు తిరక్కుండానే సందు చివర బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తీసుకున్నాను. నూనె పీల్చడానికి కింద పెట్టిన కాగితం తిప్పి చూస్తే మా క్లయింటు ఒకాయన అద్దె రసీదు! పేరు, ఇంటి అడ్రసు, పాన్ నంబరు, అన్నీ ఉన్నాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకొని వచ్చేశాను. ఆ చొక్కాకు మరక పోలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా, ఇదే మొదటిసారి.

టేబుల్ పక్కన పెట్టుకునే, కాగితాలు ముక్కలు చేసే చిన్న మిషన్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఒకసారికి పది కాగితాలు. పది నిమిషాలు తిరిగితే అరగంట పైనే చల్లారాలి. A4 కాగితాల కట్ట, అంటే 500 కాగితాలు, రెండుంబావు కిలోల పైచిలుకు. మా ఏడాది తుక్కు 400 కిలోలంటే 85 వేల కాగితాలు. లెక్క మీరే వేసుకోండి. రోజువారీ చిత్తు కాగితాలకు అది చాలు, అటక ఖాళీ చెయ్యడానికి కాదు.

అలా 2020 జనవరి నుంచి బండి. భోగి వారంలో ఓ ఆదివారం పొద్దున్నే వస్తుంది. మామూలు డబ్బా లారీ లాగే ఉంటుంది గానీ వెనక, మనం ఫైళ్ళు నింపిన చక్రాల డబ్బాను పైకెత్తి లోపలికి కుమ్మరించే చెయ్యి ఒకటి, పక్కన చిన్న టీవీ తెర ఒకటి ఉంటాయి. ఇంజన్ ఆపరు, ఆ బలంతోనే లోపలి బ్లేడ్లు తిరుగుతాయి. తెర మీద మన ఫైళ్ళు జారడం, బ్లేడ్లు వాటిని పట్టి లాక్కోవడం కనిపిస్తుంది. స్టేప్లర్ పిన్నులు, లేసులు, చిన్న క్లిప్పులు తియ్యక్కర్లేదు. బాక్సు ఫైళ్ళ ఇనుప పట్టీలు మాత్రం తియ్యాలి. 400 కిలోలకు ముప్పావు గంట. చప్పుడు పిండిమరంత, డీజిల్ కంపు అదనం. సందులో కేబుల్ వైర్లు వేలాడుతుంటాయి కాబట్టి వాచ్‌మన్ ఓ కర్ర పట్టుకొని బండికి ముందు నడవాలి. వాళ్ళు ఫోన్‌లో ఇది చెప్పరు.

మిషన్ దగ్గర ఉండే కుర్రాడిది సూళ్ళూరుపేట. మాది నెల్లూరని తెలిశాక తమిళం మానేశాడు. మిచౌంగ్ తుపాను వెళ్ళాక, 2024 జనవరిలో, మెట్ల కింద నానిన ఫైళ్ళు పైపైన ఆరబెట్టి వేశాను. "సార్, తడి కాయితం వెయ్యబాకండి, ముద్దయిపోతాది" అంటూనే ఉన్నాడు. నేను వినలేదు. మూడో డబ్బాకే బ్లేడ్ల మధ్య అట్టులా చుట్టుకుపోయింది. వెనక్కి తిప్పి, ఆపి, గంటన్నర గీక్కున్నాడు. వెయిటింగ్ చార్జీ బిల్లులో పడింది. న్యాయమే.

అన్యాయం అనిపించినవి వేరే ఉన్నాయి. మొదటిది తూకం. మేం 260 కిలోలు ఇచ్చిన ఏడాది కూడా కనీస బిల్లు పేరుతో 400 కిలోలకే కట్టాం. ఇప్పుడు పై అంతస్తు డాక్టరు గారి క్లినిక్‌తో కలిసి పిలుస్తున్నాం, డబ్బాలు ఎవరివి వారివే. రెండోది, కాగితాలు ముక్కలు చేశామని వాళ్ళిచ్చే సర్టిఫికెట్. ఒక ఏడాది బండి మా దగ్గరికి వస్తూ ఇంకా వడపళని దాటకముందే సర్టిఫికెట్ మెయిల్‌లో వచ్చేసింది, ముక్కలు చేసిన సమయంతో సహా! అప్పటినుంచి తారీఖు, బండి నంబరు, కిలోలు నా కళ్ళ ముందు రాయించుకొని, అప్పుడే సంతకం చేస్తున్నాను.

మూడోది ముక్క సైజు. దీని గురించి ఎవరూ అడగరు. నాలుగో ఏడు గుప్పెడు తుక్కు అడిగి తీసుకొని స్కేలు పెట్టాను. 15 మిల్లీమీటర్ల వెడల్పు, 50 పొడవు, అంటే 750 చదరపు మిల్లీమీటర్లు. జర్మన్ వాళ్ళ డిన్ 66399 ప్రమాణంలో కాగితానికి పీ-1 నుంచి పీ-7 దాకా ఏడు మెట్లున్నాయి. పీ-2కి ముక్క 800 చదరపు మిల్లీమీటర్లు దాటకూడదు, పీ-3కి 320, పీ-4కి 160. మాకు అమ్మేటప్పుడు చెప్పింది పీ-3. నా గుప్పెట్లో ఒక ముక్క మీద బ్యాంకు ఖాతా నంబరు ఆరంకెలు సుబ్బరంగా చదవగలిగాను. అడిగితే, అన్నీ కలిసిపోయి నొక్కి బేళ్ళు కడతాం, మిల్లుకు పోతాయి, ఎవరు ఏరతారు సార్ అన్నారు. నిజమే కావచ్చు, కానీ నేను డబ్బిచ్చింది ఆ మాటకు కాదు. ఫోటో తీసి పంపాక, మరుసటి ఏడు బ్లేడ్లు మార్చుకొని వచ్చారు. ఈసారి కొలిస్తే 300 లోపే. మీరూ ఒక గుప్పెడు అడగండి. ఇవ్వడానికి మొహమాటపడితే అర్థం చేసుకోండి.

ఇంత చెప్పాక, బండి మంచిదేనా అంటే మంచిదే. పోయిన కాగితం పోయిందని కళ్ళతో చూస్తాం. కానీ ఆరేళ్ళలో మాకు జరిగిన రెండు ప్రమాదాలూ కాగితం బండి లోపల పడకముందే జరిగాయి. ఒకసారి శనివారం రాత్రే అట్టపెట్టెలు కిందకి దించి లిఫ్టు పక్కన పెట్టాం. తెల్లారేసరికి పన్నెండు పెట్టెల్లో పదకొండే ఉన్నాయి. వాచ్‌మన్‌ను అడిగితే ఊడ్చే అమ్మాయి చెత్తనుకుందేమో అన్నాడు. ఆ పెట్టెలో ఏముందో ఇప్పటికీ చెప్పలేను, పెట్టెలకు జాబితా రాయలేదు. ఇంకోసారి జీతాల ఫైలు అనుకున్నదాంట్లో క్లయింటు ఇంటి అసలు దస్తావేజు స్టాంపు కాగితం కొస బయటికి కనబడింది. డబ్బా పైకి లేస్తోంది. "ఆపు తమ్ముడూ!" అని అరిచాను. ఎర్ర బటన్ నొక్కాడు. దస్తావేజు లాగుతుంటే నా చేతులు ఎలా వణికాయో ఆ కుర్రాడు ఇప్పటికీ గుర్తుచేసి నవ్వుతాడు.

అందుకే ఇప్పుడు డిసెంబరు మొత్తం ఏరడమే. కంపెనీల లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు, జీఎస్టీవి వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. కేసులో ఉన్న ఫైలు ఎంత పాతదైనా ముట్టుకోం. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం వచ్చాక కొందరు క్లయింట్లు మా ఆధార్ కాపీలు ఏం చేశారని అడగడం మొదలుపెట్టారు, వాటికి వేరే తాళం డబ్బా పెట్టాం. ప్రతి పెట్టె మీదా నంబరు, లోపల ఏముందో పుస్తకంలో ఒక వరుస. పెట్టెలు ఆదివారం పొద్దున బండి ఆగాకే దిగుతాయి, ఒకరు పైన, ఒకరు కింద లెక్కపెడతారు.

వచ్చే జనవరికి బుక్ చేసేశాను. మెట్ల కింద ఈసారి ఏమీ పెట్టలేదు. తెర ముందు కూర్చోవడానికి ఒక స్టూలు, చెవుల్లోకి దూది సిద్ధంగా ఉన్నాయి. మామికి మాత్రం ముందురోజే వెళ్ళి చెప్పాలి, చప్పుడు ముప్పావు గంటేనని.