ఏళ్ల తరబడి వాడిన మల్టీమీటర్ గురించి

నా దగ్గరున్నది తెర మీద 0 నుంచి 1999 దాకా అంకెలు చూపే మామూలు డిజిటల్ మల్టీమీటర్, అంటే వోల్టేజి, కరెంటు, నిరోధం కొలిచే పరికరం. కొన్నేళ్లుగా దాదాపు రోజూ చేతిలో ఉంటుంది. రేంజిని (కొలత పరిధిని) తనే ఎంచుకునే మీటర్లూ వాడాను. అయినా సర్క్యూట్లు కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎవరడిగినా డయల్ తిప్పే మీటరే కొనమంటాను. 200 మిల్లీ వోల్టులా, 2 వోల్టులా, 20 వోల్టులా అని తిప్పే ముందు కొలవబోయేది ఎంత ఉంటుందో అంచనా కట్టుకోక తప్పదు. ప్రమాణాలు అలాగే ఒంటబడతాయి. డయల్ మీద చిన్న ఎమ్ మిల్లీ, పెద్ద ఎమ్ మెగా. రెండింటికీ తేడా వంద కోట్ల రెట్లు!

అసలు ఈ మీటరు లోపల కొలిచేది వోల్టేజి ఒక్కటే. ఓమ్‌లు (నిరోధం) కావాలంటే తెలిసిన కరెంటు పంపి, ఎంత వోల్టేజి వచ్చిందో చూస్తుంది. కరెంటు కావాలంటే లోపలి చిన్న రెసిస్టర్ మీద పడే వోల్టేజి చూస్తుంది. అంతా ఓమ్ నియమమే: వోల్టేజి అంటే కరెంటును నిరోధంతో గుణిస్తే వచ్చేది. ఇది అర్థమయ్యాక మీటరు చూపే ప్రతి అంకెనూ చదివే తీరు మారిపోయింది.

రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లను శ్రేణిలో కలిపి 10 వోల్టులు ఇవ్వండి. ఒక్కోదాని మీద 5 ఉండాలి కదా, మీటరు 4.76 చూపిస్తుంది. తప్పు చూపడం లేదు. మీటరు లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌లు. ప్రోబులు (మీటరు తీగల మొనలు) ఆనించగానే అది ఆ రెసిస్టర్‌కు సమాంతరంగా చేరింది, అప్పుడు అక్కడ నిజంగా ఉన్నది 4.76 వోల్టులే. సమాంతర సంధానం గురించి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

సెల్లు పరీక్షకు ఒక చిట్కా. నీరసించిన 1.5 వోల్టుల సెల్లు కూడా ఉత్తినే కొలిస్తే 1.4 చూపి మోసం చేస్తుంది. 10 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి చూడండి. 1.1కి పడిందనుకోండి, పారుతున్నది 0.11 ఆంపియర్లు, సెల్లు లోపలే 0.3 వోల్టులు పోతున్నాయి. అంటే అంతర్నిరోధం సుమారు 2.7 ఓమ్‌లు. ఆ సెల్లు పక్కన పెట్టేయొచ్చు.

కరెంటు కొలతే నాకు నచ్చని భాగం. సర్క్యూట్ తెంచి మీటరును శ్రేణిలో పెట్టాలి. నా మీటరులో 10 ఆంపియర్ల సాకెట్‌కు ఫ్యూజు లేదు. ఎర్ర ప్రోబు అందులో ఉండగా వోల్టేజి కొలవబోతే నేరుగా షార్టే. ఇంటి కరెంటు దగ్గర ఇది ప్రాణాపాయం. అక్కడ పనిచేసేవాళ్లు అన్ని సాకెట్లకూ ఫ్యూజులున్న, క్యాట్ 3 భద్రతా స్థాయి మీటరే తీసుకోండి.

ఏసీ వోల్టేజి సైన్ తరంగానికి (సాఫీగా పైకీ కిందికీ ఊగే అలకు) సరిగ్గానే చూపిస్తుంది, ఆ అలను కోసేసే డిమ్మర్ల (లైటు వెలుతురు తగ్గించే స్విచ్చుల) దగ్గర నమ్మలేం. బ్యాటరీ గుర్తు వెలిగాక అయితే ఏ అంకెనూ నమ్మొద్దు. కంటిన్యూటీ బీప్ (తీగ తెగకుండా ఉంటే మోగే శబ్దం) చురుగ్గా ఉంది. ముందుగా పాడయ్యేది ప్రోబుల తీగలే, పిడి దగ్గర లోపల తెగుతాయి. రెండు ప్రోబులూ కలిపితే మామూలుగా 0.3 ఓమ్‌లు వస్తుంది. తీగ కదిపినప్పుడల్లా అది ఎగిరిపడుతుంటే కొత్త జత వేసుకోవాల్సిందే.