కేటలాగ్ పేజీ అడుగున ఉండే ఆ ఒక్క లైను: తొమ్మిదేళ్ళు వాడాక

లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగ్‌లో పుస్తకం ఎలా వెతకాలి, ఎలా రిజర్వ్ చేసుకోవాలి, గడువు ఎలా పొడిగించుకోవాలి లాంటివి ఇక్కడ రాయను. లైబ్రరీకి వెళ్ళే అలవాటున్నవాళ్ళకి అవన్నీ తెలిసినవే. నేను రిఫరెన్స్ డెస్క్‌లో కూర్చుని తొమ్మిదేళ్ళుగా రోజూ ఈ కేటలాగ్‌తోనే పని చేస్తున్నాను. అందులో నాకు ప్రాణం లాంటిది ఒకటుంది. పుస్తకం వివరాల పేజీలో రచయిత, ప్రచురణకర్త, పేజీల సంఖ్య అన్నీ అయిపోయాక, చాలామంది చదవడం ఆపేసే చోట, 'సబ్జెక్ట్' అని ఒక లైను ఉంటుంది. దాని మీద నొక్కొచ్చు. ఈ సమీక్షంతా ఆ లైను గురించే.

మొదటి ఏడాదిన్నర నేనూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అది మా కేటలాగర్లు, అంటే పుస్తకాల వివరాలు కేటలాగ్‌లో ఎక్కించేవాళ్ళు, వాళ్ళ పని కోసం పెట్టుకున్నదనీ, పాఠకులకి అక్కర్లేదనీ అనుకునేదాన్ని. ఆ అభిప్రాయం ఒకే ఒక్క రోజులో మారిపోయింది.

ఒక కుర్రాడు, ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్ళుంటాయి, వరసగా మూడు రోజులు వచ్చాడు. తిన్నగా కంప్యూటర్ దగ్గరికి వెళ్ళేవాడు. రెండు నిమిషాలు ఏదో వెతికేవాడు. ర్యాకుల్లోకి వెళ్ళి ఒక పుస్తకం తీసి, తిరగేసి, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయేవాడు. నా వైపు ఒకటి రెండు సార్లు చూశాడు కానీ దగ్గరికి రాలేదు. మూడో రోజు వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా ముందు ఒక చీటీ పెట్టాడు. "మేడమ్, స్టామరింగ్ గురించి మన లైబ్రరీలో ఒక్క పుస్తకమేనా ఉంది? నాకు నత్తి. దయచేసి నన్ను మాట్లాడించకండి, రాసి చెప్పండి" అని ఉంది.

ఆ చీటీ చదివాక కాసేపు నాకు చేతులు ఆడలేదు. 'సందేహాలుంటే అడగండి' అని బోర్డు పెట్టుకుని కూర్చున్నాను నేను. అడగడమే అతనికి కష్టం. కాబట్టి అతనికి మిగిలిన దారి కేటలాగ్ ఒక్కటే. ఆ కేటలాగ్ మూడు రోజులూ అతనికి ఒకే జవాబు చెప్పి పంపేసింది.

అతను వెతికిన మాటతోనే నేనూ వెతికాను. ఒక్కటే వచ్చింది. ఆ రికార్డు, అంటే ఆ పుస్తకం వివరాల పేజీ, తెరిచి కిందికి జరిపితే సబ్జెక్ట్ లైనులో 'స్టటరింగ్' అని ఉంది. దాని మీద నొక్కాను. పందొమ్మిది పుస్తకాలు వచ్చాయి.

జరిగిందేమిటంటే, బ్రిటిష్ ఇంగ్లిష్‌లో నత్తిని స్టామరింగ్ అంటారు, అమెరికాలో స్టటరింగ్ అంటారు. మా దగ్గరున్నవాటిలో ఎక్కువ భాగం అమెరికాలో అచ్చయినవి. వాటి పేర్లలో గానీ వివరణలో గానీ ఎక్కడా స్టామరింగ్ అన్న మాటే లేదు. కీవర్డ్ పెట్టె మనం కొట్టిన అక్షరాల కోసమే చూస్తుంది కాబట్టి దానికి దొరకలేదు. కానీ ఏ మాట వాడిన పుస్తకమైనా కేటలాగర్ దాన్ని చూసి, ఇది ఫలానా విషయం గురించి అని తేల్చి, ఒకే శీర్షిక కింద పెడతారు. ఇద్దరు రచయితలు రెండు మాటలు వాడినా, రెండు పుస్తకాలూ ఒకే చోట చేరేది ఆ లైనులోనే.

ర్యాకుల్లోనైనా వెతికితే దొరికేవి కదా అనిపించొచ్చు. అన్నీ దొరకవు. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చి ర్యాకుల్లో సర్దే డ్యూయీ వర్గీకరణలో నత్తి గురించిన వైద్య పుస్తకాలు 616.8554 దగ్గర ఉంటాయి. పిల్లల వైద్యం వైపు నుంచి రాసినవి 618.92 కిందికి వెళ్తాయి. బడిలో టీచర్లకి పనికొచ్చేవి 371.914 దగ్గర. అంటే మా హాల్లో మూడు వేరు వేరు వరసలు. అతను మూడు రోజులూ మొదటి వరసలో కూడా రెండు అరల అవతల నుంచే వెనక్కి వెళ్ళిపోయాడు, ఎందుకంటే కేటలాగ్ ఇచ్చిన కాల్ నంబర్, అంటే పుస్తకం ర్యాకులో ఎక్కడుందో చెప్పే నంబర్, ఒక్కటే. పుస్తకం ఒక చోటే ఉండగలదు. సబ్జెక్ట్ లైనుకి ఆ కష్టం లేదు, మూడు వరసల్నీ ఒకే తెర మీదికి తెస్తుంది.

అతని చీటీ వెనక్కి తిప్పి "పందొమ్మిది ఉన్నాయి" అని రాసి, ఆ జాబితా ప్రింట్ తీసి ఇచ్చాను. అతను ఆ అంకెనే చాలాసేపు చూశాడు. ఆ రోజు నాలుగు పుస్తకాలు తీసుకెళ్ళాడు.

అప్పటినుంచి డెస్క్ దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే చూపించడం మొదలుపెట్టాను. మీకు నచ్చిన ఒక్క పుస్తకం దొరికితే చాలు, దాని రికార్డు తెరవండి, అడుగుదాకా వెళ్ళండి, ఆ లైను నొక్కండి. ఏ మాటతో వెతకాలో ముందే తెలియక్కర్లేదు, దొరికిన పుస్తకమే ఆ మాట చెప్తుంది. గుండెపోటు గురించి వచ్చేవాళ్ళు 'హార్ట్ ఎటాక్' అని కొడతారు, శీర్షికేమో 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్‌షన్'. ఆ మాట వాళ్ళంతట వాళ్ళకి తట్టడం జరిగే పని కాదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఒక విషయం మీద లైబ్రరీలో ఏమేం ఉన్నాయో పాఠకుడికి చూపించడం కేటలాగ్ చెయ్యాల్సిన పనుల్లో ఒకటని అమెరికన్ లైబ్రేరియన్ చార్లెస్ కట్టర్ 1876లోనే రాశారు. మేం వాడే శీర్షికల జాబితా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ది, అక్కడ 1898లో మొదలైంది. కార్డుల పెట్టెలున్న రోజుల్లో 'ఈ మాటకి బదులు ఫలానా మాట దగ్గర చూడండి' అని చెప్పే కార్డులు విడిగా ఉండేవి. ఇప్పుడు ఆ పని అథారిటీ ఫైల్, అంటే ఏ మాటకి ఏ శీర్షికో రాసి ఉండే జాబితా, చేస్తుంది, లేదా చెయ్యాలి. స్టామరింగ్ అని కొట్టినవాళ్ళని స్టటరింగ్ దగ్గరికి తీసుకెళ్ళే సూచన ఆ ఫైల్లో ఉంది. మా కీవర్డ్ పెట్టె ఆ ఫైల్ వైపు చూసేది కాదు, అంతే. సమాచారం అంతా మా దగ్గరే ఉండి కూడా ఆ కుర్రాడు మూడు రోజులు ఊరికే తిరిగాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

తర్వాత నాలుగేళ్ళకి మాకు కొత్త ఇంటర్‌ఫేస్ వచ్చింది. పుస్తకాలు, ఈ-బుక్స్, డేటాబేసుల్లోని వ్యాసాలు అన్నీ ఒకే పెట్టెలో వెతకొచ్చన్నారు. నేనూ సంతోషించాను. పాఠకుల్ని ఒక్కో డేటాబేస్‌కీ విడివిడిగా పంపించాల్సిన పని తప్పుతుందనుకున్నాను.

మొదటి వారంలోనే ఒక అమ్మ వచ్చింది. ఆరేళ్ళ పాపకి నత్తి మొదలైందట, బాగా టెన్షన్‌లో ఉంది. నాకు బాగా తెలిసిన విషయమే కదా అని ధైర్యంగా ఒక పుస్తకం రికార్డు తెరిచి, అలవాటు ప్రకారం ఆ లైను నొక్కాను. పందొమ్మిదో ఇరవయ్యో రావాల్సిన చోట వేలల్లో వచ్చాయి. మొదటి పేజీలో రెండు పుస్తకాలు పనికొచ్చేవే. ఆ తర్వాత వీడియో ఆగి ఆగి ఆడటం గురించి ఒక వ్యాసం, కంప్యూటర్ గేముల్లో బొమ్మ తడబడటం గురించి ఇంకోటి. ఇంగ్లిష్‌లో దాన్నీ స్టటరింగ్ అనే అంటారు. ఆవిడ తెర వైపు చూసి, "ఇవన్నీ చదవాలా అండీ?" అంది.

నాకు నోట మాట రాలేదు. "ఒక్క నిమిషం ఆగండమ్మా" అని పాత కాల్ నంబర్లు గుర్తు తెచ్చుకుని, ఆవిడని మూడు వరసల్లోనూ తిప్పి పుస్తకాలు చేతికిచ్చాను. ఆవిడ మంచి మనసుతో థాంక్స్ చెప్పి వెళ్ళింది. నేను మాత్రం ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా కూర్చుని ఏం జరిగిందో వెతికాను.

చూడటానికి లైను అలాగే ఉంది. రంగు మారలేదు, చోటు మారలేదు. కానీ దాని వెనక జరిగే పని మారిపోయింది. అంతకుముందు నొక్కితే ఆ శీర్షిక ఉన్న రికార్డుల్నే తెచ్చేది. ఇప్పుడు ఆ మాటని మామూలు కీవర్డ్‌గా తీసుకెళ్ళి, వ్యాసాల లోపలి పాఠంతో సహా అన్నిట్లోనూ వెతుకుతోంది. పాతదానిలో పేజీ మూలన ఉండే సబ్జెక్ట్ వెతుకులాట కొత్తదానిలో 'అడ్వాన్స్‌డ్' లోపలికి, అక్కడ ఇంకో మెనూ లోపలికి వెళ్ళిపోయింది. అథారిటీ ఫైల్‌ని కొత్త ఇండెక్స్‌కి అసలు కలపలేదు.

కేటలాగర్లు ఒక్కో పుస్తకాన్నీ చేతిలోకి తీసుకుని, చూసి, ఆలోచించి ఇచ్చిన శీర్షికలవి. ఏళ్ళ తరబడి చేసిన పని. దాన్ని ఒక సెట్టింగ్ పనికిరాకుండా చేసేసింది, పైగా పని చేస్తున్నట్టే కనిపిస్తోంది. లైను తీసేసి ఉంటే నేను మొదటి రోజే గుర్తుపట్టేదాన్ని. ఉన్నట్టే కనిపిస్తూ వేరే పని చెయ్యడం వల్లే నాకు అంత కోపం వచ్చింది.

ఇంటర్‌ఫేస్ సంగతి చూసేవాళ్ళకి రాసి పంపాను. ఉదాహరణలతో, తెర ఫొటోలతో, పాతదానిలో ఎన్ని వచ్చేవో కొత్తదానిలో ఎన్ని వస్తున్నాయో పట్టిక వేసి పంపాను. ఎక్కువ ఫలితాలు రావడం పాఠకుడికి మంచిదే కదా అని జవాబొచ్చింది. మళ్ళీ రాశాను. ఏడు నెలలు పట్టింది. చివరికి లైను మళ్ళీ శీర్షికనే వెతికేలా చేశారు. 'చూడండి' సూచనలు మాత్రం సగమే పని చేస్తున్నాయి.

ఆ ఏడు నెలలూ ఆ లైను లేకుండా పని చెయ్యాల్సి రావడంతో, దాని గురించి నేను అందరికీ చెప్పిన మాటలు కొన్ని సరిచేసుకోవాల్సి వచ్చింది. ఒక విషయం మీద ఉన్నవన్నీ వస్తాయని చెప్పేదాన్ని. అది నిజం కాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నియమం ప్రకారం పుస్తకంలో కనీసం 20 శాతం ఉన్న విషయానికే శీర్షిక ఇస్తారు. మాట లోపాలన్నిటి గురించీ రాసిన ఒక పెద్ద పుస్తకంలో నత్తి మీద చక్కటి అధ్యాయం ఒకటి ఉంది. ఒక్క అధ్యాయమే కాబట్టి స్టటరింగ్ లైను దాన్ని ఏ రోజూ చూపించలేదు. కేటలాగర్ విషయసూచికని కూడా రికార్డులో ఎక్కించారు కాబట్టి, నేను చిన్నచూపు చూసిన ఆ కీవర్డ్ పెట్టె మాత్రం దాన్ని పట్టుకొచ్చింది. నత్తి ఉన్నవాళ్ళు రాసుకున్న జీవిత కథలు కూడా ఆ లైనులో రావు, మా కేటలాగ్‌లో అవి 'స్టటరర్స్' అనే వేరే శీర్షిక కింద ఉన్నాయి. ఆ కుర్రాడికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేవి బహుశా అవే, నేను ఆ రోజు ఇవ్వలేదు. ఒక నవలలో నాయకుడికి నత్తి ఉంటే దానికి చాలావరకు ఏ శీర్షికా ఉండదు.

మాటలు కూడా ఆలస్యంగా మారతాయి. వంట పుస్తకాలు 2010 దాకా 'కుకరీ' కిందే ఉన్నాయి, అప్పుడు గానీ 'కుకింగ్' కాలేదు. నత్తి విషయంలో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 అనే రోగ నిర్ధారణ గ్రంథంలో 'చైల్డ్‌హుడ్ ఆన్‌సెట్ ఫ్లూయెన్సీ డిజార్డర్' అనే పేరు పెట్టారు. ఆ పేరుతో వచ్చే కొత్త రచనల కోసం పాత శీర్షిక ఒక్కదాన్నే నమ్ముకోలేం.

వ్యాసాల దగ్గరికొస్తే మా కేటలాగ్ కన్నా వైద్య వ్యాసాలు వెతికే పబ్‌మెడ్ అనే సైటు చాలా నయం. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. అందులో స్టామరింగ్ అని కొడితే, 'మెష్' అనే వాళ్ళ శీర్షికల జాబితా చూసుకుని, స్టటరింగ్ కింద ఉన్నవాటిని కూడా తనంతట తనే కలిపి తెస్తుంది. ఏం కలిపిందో కూడా దాచదు. అడ్వాన్స్‌డ్ పేజీలో వెతికిన చరిత్ర పక్కన వివరాలు విప్పి చూస్తే మొత్తం కనిపిస్తుంది. నేను మొదటిసారి అది విప్పి చూసినప్పుడు, మా పెట్టె చెయ్యాల్సిన పని ఇదే కదా అనిపించింది. టీచర్లు వస్తే విద్యారంగం వ్యాసాల డేటాబేస్ ఎరిక్‌కి పంపిస్తాను, అక్కడా డిస్క్రిప్టర్లు అనే శీర్షికల జాబితా ఉంది, రికార్డులో వాటి మీద నొక్కొచ్చు. కేటలాగ్‌లో ఈ లైను అలవాటైనవాళ్ళకి అది ఎవరూ నేర్పక్కర్లేదు.

మరి దీన్ని వాడమని చెప్తానా? నా డెస్క్ దగ్గర కూర్చున్నవాళ్ళకి చెప్తాను, చెప్తూనే ఉన్నాను. కానీ మా దగ్గర శ్రద్ధగా శీర్షికలు ఇచ్చే కేటలాగర్లు ఉన్నారు. రికార్డులు హడావిడిగా ఎక్కించిన చోట ఈ లైను ఖాళీగా ఉంటుంది, లేదా 'మెడిసిన్' అన్నంత పెద్ద మాట ఒకటి ఉంటుంది. అక్కడ దీన్ని నొక్కి లాభం లేదు. పుస్తకం పేరు ముందే తెలిసినవాళ్ళకి ఒకే పెట్టె సరిపోతుంది, నేనూ వాళ్ళకోసం అదే వాడతాను. ఒక విషయంలో అడుగుపెడుతూ, దాన్ని ఏమంటారో కూడా తెలియనివాళ్ళకి మాత్రం ఈ లైనుకి సాటి వచ్చేది మా కేటలాగ్‌లో ఇంకోటి లేదు.

ఫోన్లో వెతికేవాళ్ళకి ఎలా ఉంటుందో అంత నమ్మకంగా చెప్పలేను. చిన్న తెర మీద ఆ లైను కనిపించదు, 'పూర్తి వివరాలు' అన్న బటన్ నొక్కితేనే వస్తుంది. ఆ కుర్రాడిలా ఎవరినీ అడగలేనివాళ్ళు ఇప్పుడు లైబ్రరీ దాకా రాకుండా ఫోన్లోనే వెతుకుతూ ఉంటారు. దాని గురించి కూడా పోయిన నెల రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు.