టెక్సాస్ పల్లె కౌంటీలో ఇల్లు: ఊళ్లోనా, మడ్‌లోనా, పొలంలోనా?

డాలస్ ఉద్యోగాలు చేస్తూ మనవాళ్లు ఇప్పుడు దూరపు కౌంటీల్లో ఇళ్లు చూస్తున్నారు, ధర తక్కువని. ధర సరే, పన్ను రేటు చూశారా? టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఆ లోటు చాలావరకు ఇంటి పన్ను దగ్గరే తీరుతుంది. కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, సిటీ ఎవరి రేటు వాళ్లదే. మామూలుగా పెద్ద వాటా స్కూలుది.

"ఇది సిటీ హద్దు బయటండీ, సిటీ ట్యాక్స్ లేదు" అంటారు సేల్స్ ఆఫీసులో. అబద్ధం కాదు. కానీ అలాంటి కొత్త వెంచర్లు చాలావాటికి మడ్, అంటే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ ఉంటుంది. నీళ్లకీ డ్రైనేజీకీ చేసిన బాండ్ల అప్పును ఇళ్లవాళ్లే తీర్చాలి. 4 లక్షల డాలర్ల ఇంటికి మడ్ రేటు ప్రతి వంద డాలర్ల విలువకు 90 సెంట్లనుకోండి, ఏడాదికి 3,600 డాలర్లు. అదే సిటీలో 45 సెంట్లయితే 1,800. అప్పు తీరేకొద్దీ మడ్ రేటు తగ్గొచ్చు, నిజమే. అప్పటిదాకా కట్టేది మనమే.

కొత్త ఇంట్లో ఇంకో తిరకాసుంది. విలువ కట్టేది జనవరి 1 నాటి స్థితిని బట్టి. మేం కొన్నప్పుడు ఆ తేదీకి అక్కడున్నది ఖాళీ స్థలమే. మొదటి బిల్లు చూసి తెగ సంబరపడ్డాం. మరుసటి ఏడాది ఎస్క్రో (పన్ను కోసం లోన్ కంతుతో పాటు నెలనెలా తీసి పక్కనపెట్టే డబ్బు) చాలలేదని లెటర్ వచ్చింది, నెలవారీ కంతు ఒక్కసారిగా పెరిగింది. అప్పుడు మొదలైంది టెన్షన్.

ఇక పదెకరాల పొలం. అగ్ (అగ్రికల్చరల్, అంటే సాగుభూమి) వాల్యుయేషన్ ఉంటే భూమికి మార్కెట్ ధర కాకుండా సాగు మీద వచ్చే రాబడిని బట్టి విలువ కడతారు. ఇల్లు, దాని కింది స్థలం అందులోకి రావు. గత 7 ఏళ్లలో 5 ఏళ్లు సాగులో ఉండాలి, కొన్నవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టాలి. 5 నుంచి 20 ఎకరాలైతే తేనెటీగలు పెంచినా చాలు (కోడింగ్ చేసేవాళ్లు తేనె తీస్తున్నది ఇందుకే!). సాగు మానేసి వేరే పనికి వాడితే మాత్రం వెనకటి 3 ఏళ్ల పన్ను తేడా కక్కిస్తారు.

సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు మూడుచోట్లా వస్తుంది: 2025 నుంచి స్కూల్ పన్నులో 1,40,000 డాలర్ల విలువ మాఫీ. అద్దెకిస్తే లేదు.

ఒక్క జీతం మీద నడిచే కుటుంబానికైతే నా ఓటు ఊళ్లో నాలుగైదేళ్ల పాత ఇంటికే. వెంచర్ మీదే మనసు పడితే, కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసు) సైట్లో ఆ వీధిలోనే రెండేళ్ల కిందట కట్టిన ఇల్లు వెతికి, దాని పన్నుల వివరాలు చూడండి. అందరికీ కనిపించే రికార్డే అది.